శరణుల వాకిట శునకము

విశాఖపట్నము నుండి అనకాపల్లి వైపు సాగు జాతీయ రహదారిపై గాజువాక దాటిన పిదప కూర్మన్నపాలెము కూడలి వచ్చును. ఊరి పేరులోనే ఒక ప్రాణి కలదు. ఉక్కు కర్మాగారమునకు, ఉక్కునగరమునకు ఇది ముఖద్వారము. వేకువ షిఫ్టుకు పోవు కార్మికులు టీ దుకాణముల యొద్ద నిలిచిన వేళ వారి కాళ్ల నడుమ ఊరకుక్కలు తిరుగుచుండును. ఒకడు రొట్టెముక్క విసరును. ఇంకొకడు రాయి విసరును. అదే వేళకు క్వార్టర్ల వీధులలో మెడపట్టీ కట్టిన కుక్కలను షికారు త్రిప్పువారు కనబడుదురు. ఒకటి లాబ్రడారు, ఒకటి అల్సేషియను, వేరొకటి చప్పిడిముక్కు పగ్గు. వానికి పేర్లు కలవు, పశువైద్యుడు కలడు, ధర కలదు. కూడలిలోని వానికి ఈ మూడును లేవు.

ఉక్కునగరమునకు నలుదిక్కుల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములలో వీరశైవులును కలరు. అట్టి యొక యింట పిల్లలు కుక్కను పెంచుకొందుమని పట్టుపట్టిరని ఊహింపవచ్చును. తండ్రి వేల రూపాయలకు జాతికుక్కను కొనదలచును. తల్లి లింగపూజ జరుగు యింట కుక్క యేమిటని శంకించును. పిల్లలు మాత్రము వీధిచివర కాలువగట్టున ఈనిన కుక్క కూనలలో ఒకదానిని ఎత్తుకొని వత్తురు. ఇట్టి చిన్న తగవులో ధర్మవిచారమునకు చోటెక్కడిదని తోచవచ్చును. కాని బసవేశ్వరుల బోధను ఇంట నిలుపుకొనిన కుటుంబమునకు ఇందు తప్పించుకొనరాని ప్రశ్న యొకటి కలదు.

ఆ ప్రశ్న 'జాతి' యను మాటలోనే యున్నది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరులు పుట్టుకను బట్టి మానవుని విలువ కట్టరాదని చాటిరి. ఆ మాటను ఆచరణమున పెట్టి, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడగు మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము జరిపినందుకు ఆ యిద్దరు తండ్రులు బిజ్జలుని చేత మరణదండన పొందిరి. శరణుల చరిత్రలో రక్తముతో వ్రాయబడిన ఘట్టమిది. ఈ చరిత్రను పిల్లలకు చెప్పు యింటివారు కుక్కను తెచ్చుకొనునపుడు మొదట అడుగు మాట "ఇది ఏ జాతి?" యనుటయే. తల్లిదండ్రుల వంశావళి వ్రాసిన కాగితము చూపిననే గాని నమ్మరు.

ఇది మాటల గారడి యని ఆక్షేపించువారుందురు. ఆ ఆక్షేపణకు బలము లేకపోలేదు. మానవులలో జాతి యనునది కల్పితము. కుక్కలలో జాతిభేదము కంటికి కనబడు సత్యము. వేటకుక్కకు పొడవైన కాళ్లు, మందకాపరి కుక్కకు దట్టమైన జూలు, నీటిలో దిగు కుక్కకు తడియంటని బొచ్చు మానవుడు తరతరములుగా ఎన్నిక చేసి జతపరచుటచే కలిగినవి. అంతవరకు నిజమే. అయితే పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో కుక్కల ప్రదర్శనలు మొదలై, 1873లో లండను నగరమున కెన్నెల్ క్లబ్బు ఏర్పడిన పిమ్మట, చేయగల పనికంటె చూడ ముచ్చటగు రూపమే కుక్కకు గొప్పదనమయ్యెను. నేడు సంతలో అమ్ముడగు 'జాతి' చాలవరకు ఆ రూపమునకు కట్టిన వెలయే.

గుణము సంగతి యేమి? 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు 18,000కు పైగా కుక్కల నడవడిని వాని యజమానుల నడిగి తెలిసికొని, వానిలో రెండువేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించి 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. ఒక కుక్కకును మరియొక కుక్కకును నడవడిలో కనబడు భేదమందు జాతివలన తెలియునది నూటికి సుమారు తొమ్మిది పాళ్లు మాత్రమేనని తేలెను. తక్కినదంతయు ఆ యొక్క కుక్క స్వభావము, పెంపకము, వయస్సు, అనుభవించిన సుఖదుఃఖములు. అనగా "ఈ జాతి విశ్వాసము గలది, ఆ జాతి క్రూరమైనది" యను మాట నూటికి తొంబదివంతులు వినికిడియే. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 23 జాతుల కుక్కలను క్రూరమైనవిగా పేర్కొని, వాని పెంపకమును విక్రయమును నిలుపుడని రాష్ట్రములకు వ్రాసెను. ఏప్రిల్ నెలలోనే కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివేసెను. పుట్టుకను బట్టి తీర్పుచెప్పుట కుక్కల విషయమున సైతము సులభము కాలేదు.

జాతిమోజునకు వెల చెల్లించునది కొనువాడు కాదు, కుక్క. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్గు కుక్కను చూచి దేశమంతట ఆ జాతికి గిరాకి పెరిగినది. ముక్కు నొక్కినట్లుండుటయే దాని అందమందురు. ఆ అందమే దానికి ఊపిరాడనీయదు. కుక్కకు చెమటపట్టి చల్లబడు నేర్పు లేదు; రొప్పుటయే దాని చలువ. రొప్పుటకు సరియైన ముక్కు లేనిదానిని వైశాఖమాసపు విశాఖపట్నపు ఉక్కపోతలో పెంచుట ప్రేమ యనిపించుకొనునా? సైబీరియా మంచులో బండ్లు లాగుటకు పుట్టిన హస్కీకి రెండు పొరల బొచ్చు ఉండును. దానిని సముద్రతీరమునకు తెచ్చి రేయింబవళ్లు శీతలయంత్రపు గదిలో బంధించి "మా కుక్క రాజభోగమనుభవించుచున్నది" యని చెప్పుకొనువారు కలరు. ఇక అమ్మకపు కూనల తల్లుల సంగతి కొనువాని కంటబడదు. ఈతకు ఈత కనిపించి, ఒడలు చెడిన పిదప వీధిలో విడుచుట ఈ వ్యాపారమున జరుగుచున్నందుననే 2017లో నియమములు చేయవలసివచ్చెను. ఎనిమిది వారములు నిండని కూనను విక్రయింపరాదనియు, పెంపకందారు నమోదు చేయించుకొనవలెననియు అవి చెప్పుచున్నవి. కొనువాడు తల్లికుక్కను చూపుమని అడిగిన చాలును, చాల సంగతులు బయటపడును.

ఇట్లనుటచే జాతికుక్కలన్నియు గర్హ్యములని కాదు. కూడలసంగమ క్షేత్రమున్న బాగలకోటె జిల్లాలోనే ముధోళ యను పట్టణము కలదు. అచటి ముధోళ వేటకుక్క బక్కపలుచని దేహముతో, పొడవాటి మూతితో, గాలివలె పరుగెత్తును. ఘోర్పడే రాజులు దానిని ఆదరించి పెంచిరి. 2005లో భారత తపాలాశాఖ వెలువరించిన నాలుగు దేశవాళి కుక్కల బిళ్లలలో అది యొకటి. 2016లో సైన్యము వారు ఆ కుక్కలను శిక్షణకు తీసికొనిరి. ఆ మెట్టభూమికి, ఆ యెండకు తగిన దేహము, చేయుటకొక పని దానికి కలవు. కాయకమును పూజగా నెంచిన బసవేశ్వరుల సీమలో పనిచేసి బ్రతుకు ప్రాణికి గౌరవము దక్కుట వింత కాదు. అదే కుక్కను తెచ్చి మూడవ అంతస్తు వసారాలో గొలుసుకు కట్టినచో దాని కాయకమును హరించినట్లే యగును.

ప్రాచీన వాఙ్మయమున కుక్కకు మర్యాద తక్కువ. సుమతీ శతకములో సింహాసనమెక్కిన కుక్కను గూర్చిన పద్యము తెలుగు బాలురకెల్ల కంఠస్థము. అయినను మహాభారతము కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నదని చెప్పవచ్చును. జనమేజయుని యజ్ఞవాటికకు వచ్చిన సరమ కొడుకు హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు; రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లియగు సరమ రాజసభకు వచ్చి నిరపరాధిని ఏల కొట్టించితివని అడిగి, తలవని భయము నిన్ను పట్టునని చెప్పిపోయెను. సార్వభౌముని నిలదీసినది ఒక ఆడకుక్క. ఇక మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో పలికెను. ఆ కుక్క ఏ జాతిదో వ్యాసుడు చెప్పలేదు.

శరణుల కథలలో హావినహాళ కల్లయ్య వృత్తాంతము ప్రసిద్ధము. వేదాధికారము తమదేయని గర్వించినవారి యెదుట ఆయన ఒక కుక్కచేత వేదము పలికించెనని చెప్పుదురు. పురాణశ్రవణమున ఈ ఘట్టమునకు సభలో చప్పట్లు మ్రోగును. గర్వభంగమైనదని అందరును సంతోషింతురు. కాని వేదము చదివిన పిమ్మట ఆ కుక్క యేమైనదని ఎవరును అడుగరు. దానికి ఆనాడు అన్నము పెట్టిరా? కల్లయ్య వెంటనే పోయినదా? కథలో అది పండితుల నోరు మూయించు పనిముట్టుగా మిగిలిపోయినది. ప్రాణిని మానవుని ప్రయోజనమునకు, చివరకు సత్ప్రయోజనమునకైనను, పనిముట్టుగా మాత్రమే చూచుట ఎంత సులభమో ఈ వినికిడియే తెలుపుచున్నది. వంశావళి చూచి కుక్కను కొనువాడు తన హోదాకు దానిని పనిముట్టు చేసికొనును. వీధికుక్కను తెచ్చి నలుగురికి చూపి దయామయుడని పేరుపొందగోరువాడును అట్టివాడే.

బసవేశ్వరుల జీవితమున వేరొక కథ కలదు. దొంగలు ఆయన ఆవులను తోలుకొనిపోగా, పాలు కుడువక లేగలు అల్లాడునని, వానిని కూడ తల్లుల వద్దకు పంపుడని ఆయన చెప్పెనట. సొమ్ముపోయిన గృహస్థునకు మొదట తోచునది నష్టము. ఆయనకు తోచినది లేగల ఆకలి. ఆ లేగలు మేలుజాతివా, నాటువా యను విచారణ ఆ కథలో లేదు.

ఇక ఆచారమునకు సంబంధించిన సందేహములు. లింగధారణ లేని జీవికి, మాంసాహార స్వభావముగల జీవికి శాకాహారుల యింట చోటెట్లు? ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట సరికాదు. కుక్క మానవునితో వేలయేండ్లు బ్రతికి అతని గింజల కూటికి అలవాటుపడినది. పిండిపదార్థమును జీర్ణించుకొను జన్యువు తోడేలుకంటె కుక్కలో అధికముగా వృద్ధిచెందినదని 2013లో 'నేచర్' పత్రికయందు ప్రకటించిరి. కనుక పశువైద్యుని సలహాతో పప్పుదినుసులు, పాలవిరుగుడు, తగిన లవణములు, విటమినులు చేర్చిన శాకాహారముపై కుక్క ఆరోగ్యముగ జీవింపగలదు. ఉత్త పెరుగన్నముతో మాత్రము కాదు. అట్లు పెట్టువారు తమ నియమమును కాపాడుకొని కుక్క దేహమును క్షీణింపజేయుదురు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాకొలెట్టు దానికి విషములు. పిల్లి సంగతి వేరు. టారిన్ మొదలగు కొన్ని పోషకములను పిల్లి మాంసమునుండియే పొందవలెను; శాకాహార నిష్ఠ గల గృహము పిల్లిని తెచ్చి తన నియమమును దానిపై రుద్దుట హింసయే. తేకుండుటయే అచట దయ.

ప్రసాదమును గూర్చి మరియొక సంశయము కలదు. ప్రసాదమును శేషము లేకుండ స్వీకరించుట వీరశైవాచారము. మిగిల్చి కుక్కకు వేయుట ప్రసాదమునకు అపచారమని పెద్దలందురు. వారి మాట సబబే, కాని దానివలన కుక్కకు అన్నము పెట్టరాదని ఏర్పడదు. దాని పాలు దానికి వేరుగ వండిపెట్టవలెనని మాత్రము ఏర్పడును. పళ్లెములో మిగిలినది విదుల్చుట దాసోహమెట్లగును? అది పళ్లెము కడుగుకొను పనిలో ఒక భాగము. లింగపూజ గది గడపకు ఆవల కుక్కను నిలుపుట రెండు వారములలో నేర్పవచ్చును. నేర్చుటలో కుక్క పిల్లలకంటె మేలు.

ఇంతవరకు గృహస్థుని మాట. వీధి మాట కఠినతరమైనది. కుక్క యనగానే భూతదయ యని పలుకువారు కాటుపడిన బిడ్డ తల్లి యెదుట నిలిచి ఆ మాట పలుకగలుగవలెను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల వాతబడి మరణించెను. రేబిస్ వలన భారతదేశమున ఏటేట సుమారు 5,700 మంది మరణించుచున్నారని 2025లో ప్రకటింపబడిన ఒక పరిశోధన లెక్కగట్టెను. వ్యాధిలక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట దాదాపు లేదు. కాటుపడిన వెంటనే సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు గాయమును కడిగి ఆలస్యము లేక టీకా వేయించుకొనిన మరణము దాదాపు తప్పును. కారము, సున్నము, కాఫీపొడి అద్దుటచే ప్రాణముపోవు కాలము కలిసిపోవును.

పురపాలక సంఘములు వీధికుక్కలను పట్టి చంపించుట చిరకాలము జరిగెను. చంపినకొలది ఖాళీయైన వీధికి పొరుగువీధి కుక్కలు వచ్చినవి. సంఖ్య తగ్గలేదు, రోగము తగ్గలేదు. మద్రాసులో ఏర్పడిన బ్లూ క్రాస్ సంస్థ వంటివారు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడుచు పద్ధతిని వాదించిరి. 2001లో అది దేశమంతటికి నియమమయ్యెను, 2023లో తిరిగి సవరింపబడెను. విశాఖపట్నమున 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘము ఈ మార్గమున పనిచేయుచు ఆశ్రయశాలను నడుపుచున్నది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలనన్నిటిని శాలలకు తరలింపుడని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. పదునొకండు దినములలో ముగ్గురు న్యాయమూర్తుల పీఠము దానిని సవరించి, రేబిస్ గలవానిని, క్రూరముగా ప్రవర్తించువానిని తప్ప, చికిత్సయు టీకాయు అయిన కుక్కలను వాని చోటనే విడువవలెననియు, అన్నము నిర్ణీతస్థలములలో పెట్టవలెననియు చెప్పెను. కోరినవారు దత్తు తీసికొనవచ్చుననియు, తీసికొనిన దానిని మరల వీధిలో విడువరాదనియు ఆ ఉత్తరువులో కలదు. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు ప్రాంగణములు, రైల్వేస్టేషనులు మొదలగు వానినుండి కుక్కలను తొలగింపవలెననియు, మరల అచటనే విడువరాదనియు వేరొక ఉత్తరువు వచ్చెను. న్యాయస్థానమే మూడు మాసములలో మూడు మార్గములు చూడవలసివచ్చినదనగా ఇది సులభముగ తెగు ప్రశ్న కాదని గ్రహింపవలెను.

ఇందు వీరశైవ గృహస్థుని పాలెంత? ప్రతిదినము కూడలిలో పది కుక్కలకు రొట్టెలు వేసి వాని టీకా సంగతి తలపనివాడు పిల్లలు బడికి పోవు త్రోవలో గుంపును పెంచుచున్నాడు. అతనిది జాలి, దయ యనుటకు ఇంకను కొంత కావలెను. పది కుక్కలకు రొట్టె వేయుటకంటె ఒకదానిని ఇంటికి తెచ్చి, టీకా వేయించి, శస్త్రచికిత్స చేయించి, కడవరకు పోషించుట కష్టతరము. అట్లు తెచ్చినచో వీధిలో ఒక ప్రాణి తగ్గును, ఆశ్రయశాలలో ఒక చోటు ఖాళీయగును. కొన్న కుక్క వలన ఈ రెండును జరుగవు. దత్తు తీసికొనుటకు గల నిజమైన బలము ఈ లెక్కలోనే యున్నది, పుణ్యములో కాదు.

కాని ఈ యూరిలో మరచిపోరాని సంగతి యొకటి. కర్మాగారమునకు భూములిచ్చిన పల్లెల వారికి 'నిర్వాసితులు' అను పేరు వచ్చినది. ఆ మాటకు నిఘంటువు చూడకయే అర్థము తెలిసిన ప్రాంతమిది. ఉద్యోగవిరమణ జరిగి క్వార్టరు విడుచు దినమున బీరువాలు, మంచములు లారీకెక్కును. కొత్త ఫ్లాటులో కుక్కను ఒప్పుకొనరను కారణముచేత పదేండ్లు వాకిలి కాచిన ముసలికుక్క గేటు బయట నిలిచిపోయినచో, దానికి ఏ పేరు పెట్టవలెను? కుక్క సాధారణముగ పది పదుమూడేండ్లు బ్రతుకును. ఏబది యారేండ్లవాడు కూనను తెచ్చినచో తన విరమణ నాటికి దానికి నాలుగేండ్లు మాత్రమే నిండునని లెక్క వేసికొనవలెను. అట్టివానికి ఆశ్రయశాలలోని పెద్దవయస్సు కుక్క తగినది. దాని స్వభావము తెలిసియుండును, కొరుకుట త్రవ్వుట మానియుండును. ఎవరును కోరనిదియు అదియే. కూనలను ఎత్తుకొని పోవుదురు. కుంటిది, నల్లనిది, ముసలిది శాలలోనే ముసలిదగును.

2020 మే 7 వేకువను విశాఖపట్నము వెంకటాపురమున స్టైరీన్ వాయువు వెలువడినపుడు మనుష్యులు నిద్రలేచి పరుగెత్తిరి. మనుష్యులతోపాటు పశువులును కుక్కలును ప్రాణములు విడిచినవి. కట్టబడిన జీవికి పరుగెత్తు స్వేచ్ఛ లేదు. ముడి వేసిన చేయియే విప్పవలెను. మెడపట్టీ కొను దినమున ఈ సంగతి తలచుకొనువారు అరుదు. తలచుకొని, తమవలన కాదని వెనుదిరిగినవారు నిర్దయులు కారు. చేయలేని వ్రతము పట్టకుండుటయు సదాచారమే.

మఠముల సంగతి. మఠ ప్రాంగణమున కుక్కలు ఉండనే యుండును. దాసోహము జరుగుచోట ఉండక పోవు. అవి ఎవరివని అడిగిన "ఇచటివే" యందురు. ఇచటివే యైనచో సంవత్సరమునకొకసారి, సెప్టెంబరు 28న జరుగు రేబిస్ దినమునాడో, బసవ జయంతినాడో, పశువైద్యుని పిలిచి వానికి టీకా వేయించుట మఠమునకు పెద్ద వ్యయము కాదు. భక్తులును తమ కుక్కలను తెచ్చుకొందురు. టీకా చీటిలో కొన్ని గడులు ఉండును. జాతి యనుచోట, కాలువగట్టున పుట్టిన దానికి, 'దేశవాళి' యని వ్రాయుదురు. దాని క్రింద యజమాని పేరు వ్రాయవలసిన గడి కలదు. ప్రాంగణపు కుక్కకు అచట ఏమి వ్రాయవలెనని వైద్యుడు అడిగినపుడు మఠాధికారి ఒక నిమిషము ఆలోచింపవలసివచ్చును.